సన్మానం సరే, సైటేషన్ల సంగతేంటి? ఒక సైకియాట్రిస్టు ప్రొఫైల్ చదవడం ఎలా

ఏటా సెప్టెంబరు, అక్టోబరు వచ్చిందంటే జిల్లా పేజీల్లో ఒక వార్త ఖాయం. ‘ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మనవాడు’. కాకినాడో, రాజమండ్రో, భీమవరమో, ఏదో ఒక కాలేజీలో ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పుతున్న ఫొటో ఉంటుంది. దాని కింద ప్రొఫెసర్ గారి పేరు, ఆ పక్కన అంకెలు: ఇన్ని పరిశోధన పత్రాలు, ఇన్ని సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ ఇంత. చదివినవాళ్లకి ఇదేదో గొప్ప విషయమని తెలుస్తుంది. ఎంత గొప్పో మాత్రం తెలీదు.

మిగతా సబ్జెక్టుల్లో ఈ అయోమయం వల్ల పెద్ద నష్టమేమీ లేదు. సైకియాట్రీలో ఉంది. ఆ అంకె చూసి పీజీ విద్యార్థి గైడ్‌ని కోరుకుంటాడు, కాలేజీ ప్రమోషన్ ఫైలు కదుపుతుంది. ఇంట్లో ఒకరికి బాగోలేదని ఊళ్లు తిరుగుతున్న కుటుంబం కూడా ఈమధ్య గూగుల్‌లో అదే అంకె చూసి ‘ఈయన పెద్ద డాక్టర్లా ఉన్నారు’ అనుకుంటోంది. అంకె ఒకటే, దాన్ని అడిగే ప్రశ్నలు వేరు. నన్నడిగితే ఈ అంకెలు అబద్ధం చెప్పవు. పేపర్లు రాసేవాళ్లు ఎవరి పేపర్లని తలుచుకున్నారో, అంతవరకే చెబుతాయి. సైకియాట్రీలో పని మాత్రం చాలావరకు ఓపీ గదిలో, వార్డులో, ఊళ్లలో జరుగుతుంది. అందుకే అంకెకీ పనికీ మధ్య దూరం ఈ సబ్జెక్టులో మరీ ఎక్కువ. ఆ దూరం ఎక్కడెక్కడ వస్తుందో చూద్దాం.

తిట్టినా ఒకటే, మెచ్చుకున్నా ఒకటే

పేపరు రాసేటప్పుడు ముందువాళ్లు చెప్పినదాన్ని వాడుకుంటే, వాళ్ల పేపరు వివరం చివర్లో ఇవ్వాలి. అలా ఇచ్చిన ప్రతిసారీ ఆ పాత పేపరు ఖాతాలో ఒక సైటేషన్ పడుతుంది. ఈ లెక్క పుట్టింది లాయర్ల దగ్గర. అమెరికాలో 1873 నుంచి షెపర్డ్స్ సైటేషన్స్ అని ఒక వరుస పుస్తకాలుండేవి. ఒక తీర్పుని ఆ తర్వాత ఏ కోర్టు ఒప్పుకుంది, ఏ కోర్టు కొట్టేసింది అన్నది లాయర్లు వాటిలో చూసుకునేవారు. సైన్సుకి కూడా ఇలాంటిది కావాలని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు.

వచ్చే దారిలో ఒకటి జారిపోయింది. లాయర్ల పుస్తకాల్లో ‘ఒప్పుకున్నారు’, ‘కొట్టేశారు’ అన్న గుర్తులుండేవి. సైన్సు లెక్కలో అవి లేవు. మీ పేపరు తప్పని ఎవరైనా పది పేజీలు రాసినా, మీ ఖాతాలో ఒక సైటేషన్ పడ్డట్టే.

సైకియాట్రీలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర్లో తొమ్మిది దేశాల్లో స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు మీద అధ్యయనం మొదలుపెట్టింది. మన దేశం నుంచి ఆగ్రా అందులో ఒక కేంద్రం. అందులోనూ, ఆ తర్వాత జరిగిన పెద్ద అధ్యయనంలోనూ తేలినదేంటంటే, భారత్, నైజీరియా లాంటి దేశాల్లో రోగులు ధనిక దేశాల వాళ్లకంటే బాగా కోలుకుంటున్నారని. ఉమ్మడి కుటుంబం వల్లే అని కొందరు మురిసిపోయారు. 2008లో గోవాలో పనిచేసిన విక్రమ్ పటేల్, చెన్నైకి చెందిన ఆర్. తార మరికొందరితో కలిసి, ఈ మాటని ఇంత నమ్మకంగా చెప్పొచ్చా అని గట్టిగా ప్రశ్నించారు. అప్పట్నుంచి ఒప్పుకునేవాళ్లూ, ఒప్పుకోనివాళ్లూ అందరూ పాత అధ్యయనాన్ని సైట్ చేస్తూనే ఉన్నారు. అంకె పెరుగుతూనే ఉంటుంది, వాదన తేలదు. ఇది చెడ్డ విషయమేమీ కాదు. ఎక్కువ సైటేషన్లున్నాయి కాబట్టి అది రుజువైపోయిందని అనుకోవడమే పొరపాటు.

ఇంకా ఇబ్బందికరమైన ఉదాహరణ హాన్స్ ఐసెంక్‌ది. లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీలో పనిచేసిన సైకాలజిస్టు. 1997లో చనిపోయేనాటికి ప్రపంచంలో అత్యధికంగా సైట్ అవుతున్న సైకాలజిస్టుల్లో ముందు వరసలో ఉన్నాడు. క్యాన్సరుకీ, గుండెజబ్బుకీ మనిషి వ్యక్తిత్వం పెద్ద కారణమని అతను ఒక సహరచయితతో కలిసి రాసిన పేపర్లలో 26 నమ్మదగ్గవి కావని కింగ్స్ కాలేజ్ లండన్ విచారణ 2019లో తేల్చింది. కొన్నిటిని జర్నళ్లు వెనక్కి తీసుకున్నాయి. అప్పటిదాకా పోగైన సైటేషన్లు ఎక్కడికీ పోలేదు.

హెచ్-ఇండెక్స్‌ని చేత్తో లెక్కపెడితే

హెచ్-ఇండెక్స్ అనగానే చాలామంది జంకుతారు. నిజానికి ఇది ఐదో తరగతి పిల్లాడు వేయగల లెక్క. 2005లో కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పే హోర్హే హిర్ష్ దీన్ని కనిపెట్టాడు. డెల్టాలో ఏదో ఒక మెడికల్ కాలేజీలో ఒక సైకియాట్రీ ప్రొఫెసరు ఉన్నారనుకుందాం. ఆయన పేపర్లు తొమ్మిది. ఒక్కోదానికి వచ్చిన సైటేషన్లని పెద్దదాన్నుంచి చిన్నదానికి వరుసలో పెడితే ఇలా ఉన్నాయి: 48, 21, 11, 7, 6, 5, 2, 1, 0.

ఇప్పుడు ఎడమవైపు నుంచి, పేపరు వరుస సంఖ్యకి దాని సైటేషన్లు తగ్గనంతవరకూ లెక్కపెట్టుకుంటూ రండి. నాలుగో పేపరుకి 7 ఉన్నాయి, నాలుగు కంటే ఎక్కువే. ఐదో పేపరుకి 6, ఫర్వాలేదు. ఆరో పేపరుకి 5 మాత్రమే, ఆరుకి తక్కువ. అక్కడ ఆగాలి. ఆయన హెచ్-ఇండెక్స్ 5. కనీసం ఐదు సైటేషన్లున్న పేపర్లు ఐదున్నాయని అర్థం. మొత్తం సైటేషన్లు 101. పరిశోధన పత్రాల్ని వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ ఇచ్చే ఐ10-ఇండెక్స్, అంటే పదికి తగ్గకుండా సైటేషన్లున్న పేపర్ల సంఖ్య, 3.

ఈ చిన్న వరుసతోనే ఆటంతా అర్థమవుతుంది. మొదటి పేపరు సైటేషన్లు 48 నుంచి 4800 అయ్యాయనుకోండి. ప్రపంచమంతా ఆ పేపరు గురించే మాట్లాడుతోంది. ఆయన హెచ్-ఇండెక్స్? అదే 5. ఒక్క గొప్ప పని చేసినవాళ్లని ఇది గుర్తించదు. ఇప్పుడు రెండోవైపు చూడండి. ఆయన కొత్త పేపరు రాస్తూ తన ఆరో పేపరుని తనే ఒకసారి సైట్ చేసుకున్నారు. 5 కాస్తా 6 అయింది. హెచ్-ఇండెక్స్ కూడా 6 అయింది. ఒక్క లైను చాలు. ఏడుకి చేర్చాలంటే ఐదో పేపరుకి ఒకటి, ఆరో పేపరుకి ఇంకొకటి, ఏడో పేపరుకి ఐదు సైటేషన్లు కావాలి. మొత్తం ఏడు. విద్యార్థుల థీసిస్‌లలోంచి వచ్చే రెండు మూడు పేపర్లలో ఇవి సులువుగా సర్దుకుపోతాయి. అందరూ ఇలా చేస్తారని కాదు. ఒకే అంశం మీద ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లు తమ పాత పేపర్లని ప్రస్తావించక తప్పదు. కానీ ‘హెచ్-ఇండెక్స్ 6’, ‘హెచ్-ఇండెక్స్ 7’ మధ్య తేడా చూసి ఎవరు గొప్పో తేల్చేస్తే, మనం కొలుస్తున్నది పనిని కాదు.

ఇంకో సంగతి. ఈ అంకె తగ్గదు. మనిషి రిటైరైనా పెరుగుతుంది, పోయాక కూడా పెరుగుతుంది. అరవై ఏళ్ల ప్రొఫెసరునీ, ముప్పై నాలుగేళ్ల అసిస్టెంట్ ప్రొఫెసరునీ దీంతో పోల్చడమంటే వయసుల్ని పోల్చడమే. సబ్జెక్టుల మధ్య పోలిక అసలే పనికిరాదు. గణితంలో ఏళ్లకి ఒక పేపరు వస్తుంది, వైద్యంలో నెలకో పేపరు రాసేవాళ్లున్నారు. సైకియాట్రీలోనే మెదడు స్కానింగు, జన్యువుల మీద పనిచేసేవాళ్లకి ఉన్నంత గుంపు, పల్లెటూళ్లలో మద్యం మానిపించడం మీద పనిచేసేవాళ్లకి ఉండదు. సైట్ చేయడానికి కూడా మనుషులుండాలి కదా.

మన పేర్లతో వచ్చే తంటా

ఒకే మనిషికి మూడు చోట్ల మూడు అంకెలుంటాయి. గూగుల్ స్కాలర్ వెబ్‌లో దొరికిందల్లా ఏరుకొస్తుంది. థీసిస్‌లు, కాన్ఫరెన్సు పేపర్లు, ఇంకా ఎక్కడా అచ్చుకాని ముసాయిదాలు, అన్నీ. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే డేటాబేసులు తాము ఎంచుకున్న జర్నళ్లనే లెక్కిస్తాయి. అందుకే గూగుల్ అంకె దాదాపు ఎప్పుడూ పెద్దది. పత్రికలకి ఇచ్చే బయోడేటాలో ఏ అంకె ఉంటుందో చెప్పక్కర్లేదు.

తెలుగువాళ్లకి దీనిమీద ఇంకో తలనొప్పి ఉంది. మనకి ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా. సొంత పేరు తర్వాత, దాని చివర రావో రాజో. విదేశీ జర్నల్ ఫారం ‘చివరి పేరు’ అడుగుతుంది. కె. శ్రీనివాసరావు అనే డాక్టరు ఒక పేపరులో ‘రావు కె.ఎస్.’ అవుతాడు, ఇంకోదాంట్లో ‘శ్రీనివాసరావు కె.’, మరోదాంట్లో పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి ఇంటిపేరుతో మరో అవతారం. డేటాబేస్‌కి వీళ్లు ముగ్గురు మనుషులు. మూడు ముక్కలైన ఖాతాలో ఏ ముక్క హెచ్-ఇండెక్స్ చూసినా చిన్నదే.

దీనికి తలకిందుల సమస్య ఇంకా సరదాగా ఉంటుంది. రెండు గోదావరి జిల్లాల్లో శ్రీనివాసరావులు ఎంతమంది! గూగుల్ స్కాలర్ పేరు చూసి పేపర్లని తనంతట తనే ప్రొఫైల్‌లో చేర్చేస్తుంది, మనిషి వెళ్లి తీసేస్తే తప్ప అవి పోవు. దాంతో డిప్రెషన్ మీద రాసిన డాక్టరు ఖాతాలో వరి అగ్గితెగులు మీద పేపరు చేరొచ్చు, మారుటేరు వరి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్త ఖాతాలో పిల్లల్లో ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్య మీద పేపరు చేరొచ్చు. అందుకే ఎవరి ప్రొఫైల్ తెరిచినా ముందు పేపర్ల శీర్షికలు పైనుంచి కిందికి ఒకసారి చదవాలి. రెండు నిమిషాల పని. సైకియాట్రిస్టు జాబితాలో రొయ్యల చెరువుల నీటి నాణ్యత కనిపిస్తే ఆ పైన ఉన్న మొత్తం అంకెని పక్కన పెట్టేయొచ్చు.

ఆడవాళ్లకి నష్టం ఎక్కువ. పెళ్లికి ముందు పుట్టింటి ఇంటిపేరుతో రెండు పేపర్లు వస్తాయి, పెళ్లయ్యాక సర్టిఫికెట్లలో పేరు మారుతుంది, ఆ తర్వాతి పేపర్లు వేరే ఖాతాలోకి వెళ్తాయి. 2012లో వచ్చిన ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఇందుకే. పరిశోధనలో అడుగుపెట్టిన రోజే దాన్ని తీసుకుని, ప్రతి పేపరుకీ అదే ఇస్తే పేరు ఎన్నిసార్లు మారినా ఖాతా ఒకటే ఉంటుంది. ఉచితం కూడా. అయినా మన పీజీల్లో చాలామందికి ఫైనలియర్ దాకా ఎవరూ చెప్పరు.

నులక మంచం మీద అడిగిన తొమ్మిది ప్రశ్నలు

సైకియాట్రీలో ఎక్కువ సైటేషన్లు వచ్చే పేపర్లు ఏవో చూస్తే ఒక వింత కనిపిస్తుంది. కొత్త మందు కనిపెట్టినవీ, కొత్త సిద్ధాంతం చెప్పినవీ కాదు. ప్రశ్నపత్రాలు. రక్తపరీక్షతో తేలని జబ్బు కాబట్టి డిప్రెషన్ ఎంతుందో కొలవాలంటే ప్రశ్నలడిగి మార్కులు వేయాలి. మాక్స్ హామిల్టన్ 1960లో అలాంటి కొలబద్ద ఒకటి ఇచ్చాడు. డిప్రెషన్ మందుల పరీక్షల్లో ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. జ్ఞాపకశక్తిని చూసే మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ 1975 నాటిది. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం 2001లో వచ్చింది. వీటి సైటేషన్లు పదుల వేలల్లో ఉంటాయి. ఎవరైనా దాన్ని వాడితే సైట్ చేయక తప్పదు. చదివారా, ఒప్పుకున్నారా అన్న ప్రశ్నే లేదు.

పీహెచ్‌క్యూ-9 తెలుగులో కూడా ఉంది. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా ఉంటోందా, నిద్ర సరిగా పడుతోందా, ఇలా తొమ్మిది. ఒక్కోదానికీ ‘అస్సలు లేదు’ అంటే 0, ‘దాదాపు ప్రతిరోజూ’ అంటే 3. మొత్తం 27కి మార్కులు, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరు చూడాలి. డెల్టా పల్లెల్లో ఇది అడగడం అనుకున్నంత తేలిక కాదు. మనవాళ్లు రోజులు వారాల్లో లెక్కపెట్టరు. నాట్లప్పటి నుంచీ అనో, పెద్దపండగ నుంచీ అనో చెబుతారు. దిగులు అన్న మాట ముందు రాదు. గుండెదడ, తలదిమ్ము, ఒంట్లో సత్తువ లేకపోవడం, ఇవి వస్తాయి. అడిగేవాళ్లకి ఓపికుంటే దిగులు తర్వాత బయటపడుతుంది.

గోదావరి జిల్లాలకి సంబంధించిన ఒక పరిశోధన ఇక్కడ చెప్పాలి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ వాళ్లు అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో, డెల్టాకి ఎగువనున్న 30 గిరిజన గ్రామాల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే ప్రాజెక్టు నడిపారు. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ఇలాంటి ప్రశ్నలే అడిగారు. ట్యాబ్‌లో తేలిన వివరం పీహెచ్‌సీ డాక్టరుకి చేరేది. 2017లో జర్నల్ ఆఫ్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం 5007 మందిని అడిగితే 238 మందికి డిప్రెషనో, ఆందోళనో, ఆత్మహత్య ఆలోచనలో ఉన్నట్టు తేలింది. ఆ 238 మందిలో అంతకుముందు ఎప్పుడైనా మానసిక వైద్యం అందుకున్నవాళ్లు ఇద్దరు. ఇద్దరే. ప్రాజెక్టు నడిచాక పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు 30 మంది.

ఈ పేపరుని సైట్ చేసేవాళ్లు సాధారణంగా శాతాలే రాస్తారు: 0.8 నుంచి 12.6కి పెరిగింది. అది నిజమే, పదిహేను రెట్లు. నాకైతే మిగిలిన 208 మంది ఎందుకు వెళ్లలేదన్నదే పెద్ద ప్రశ్న. దూరమా, కూలి పోతుందనా, నలుగురూ ఏమనుకుంటారోననా. ఇలాంటి ప్రశ్న తీసుకుని ఎవరైనా మన జిల్లా పీజీ థీసిస్ రాస్తే రోగులకి పనికొస్తుంది, సైటేషన్లు మాత్రం నాలుగో ఐదో వస్తాయి. దాన్ని సైట్ చేయాల్సిన అవసరం ఉన్నవాళ్లు ప్రపంచంలో అంతమందే. ఇంకో తమాషా చూడండి. ఆశా కార్యకర్త నులక మంచం మీద కూర్చుని తొమ్మిది ప్రశ్నలడిగితే, సైటేషన్ 2001 నాటి అమెరికా పేపరుకి పడుతుంది. అడిగిన మనిషి పేరు రచయితల వరుసలో ఉండదు.

లెక్కల్లో మన ప్రాంతం లేకపోవడమనే సమస్య ఇంకా పెద్దది. దేశంలో మానసిక ఆరోగ్యం గురించి ఎవరు రాసినా 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేని సైట్ చేస్తారు. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందన్న అంకె అక్కడిదే. ఆ సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. ఆంధ్రప్రదేశ్ వాటిలో లేదు. కోనసీమ నుంచి గల్ఫ్‌కి పనిమనుషులుగా వెళ్లిన ఆడవాళ్ల ఇళ్లలో పిల్లల సంగతి, రొయ్యల చెరువుల్లో అప్పులపాలైనవాళ్ల సంగతి, 1996 నవంబరు తుపానులో అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్ల సంగతి ఆ 10.6లో వెతికితే దొరకదు. అయినా మన కాలేజీల్లో రాసే ప్రతి థీసిస్ మొదటి పేరాలో ఆ అంకే ఉంటుంది.

వెయ్యి మందిలో ఒకడు

పెద్ద హెచ్-ఇండెక్స్ రావడానికి ఇంకో దగ్గరి దారి పెద్ద గుంపులో ఉండటం. 2014లో నేచర్ పత్రికలో స్కిజోఫ్రీనియా జన్యువుల మీద ఒక పేపరు వచ్చింది. 36,989 మంది రోగుల డీఎన్ఏ చూసి, ఆ జబ్బుతో ముడిపడిన చోట్లు 108 గుర్తించారు. గొప్ప పని. రచయితలు వందల్లో ఉన్నారు. ప్రపంచ వ్యాధిభారం అధ్యయనాల్లో ఒక్కో పేపరుకి వెయ్యి మంది రచయితలు కూడా ఉంటారు. ఆ పేపరుకి వచ్చిన ప్రతి సైటేషనూ అందరి ఖాతాల్లోనూ పూర్తిగా పడుతుంది, పంపకం లేదు. మన దేశంలో 2017లో 19.7 కోట్ల మందికి, అంటే ప్రతి ఏడుగురిలో ఒకరికి మానసిక సమస్యలున్నాయని లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన అంచనా కూడా అలాంటి పెద్ద బృందం చేసినదే. వాళ్లలో కొందరు ఏళ్ల తరబడి డేటా చక్కబెట్టారు, కొందరు ముసాయిదా చదివి సలహా ఇచ్చారు. ప్రొఫైల్‌లో ఇద్దరూ ఒకటే.

టాప్ 2 శాతం జాబితా ఈ లోపాన్ని కొంత సరిదిద్దడానికే పుట్టింది. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే జాన్ ఇయోనిడిస్, ఆయన బృందం 2019 నుంచి స్కోపస్ డేటాతో దీన్ని తయారుచేస్తున్నారు. మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ ఒక్కటే కాకుండా, రచయితల సంఖ్యని బట్టి సవరించిన హెచ్-ఇండెక్స్, ఒంటరిగా రాసిన పేపర్లకి వచ్చినవి, రచయితల వరుసలో మొదటి పేరుగా వచ్చినవి, చివరి పేరుగా వచ్చినవి కూడా కలిపి ఒక స్కోరు వేస్తారు. సొంత సైటేషన్లు తీసేసిన లెక్క కూడా ఇస్తారు. జాగ్రత్తగా చేసిన పనే. అయితే ఇది అవార్డు కాదు, ఎవరూ ఎవరినీ ఎంపిక చేయలేదు, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ బిరుదు ఇవ్వలేదు. రెండు లక్షలకు పైగా పేర్లున్న ఒక ఎక్సెల్ షీటు. అందులో రెండు జాబితాలున్నాయి. ఒకటి జీవితకాలం పని మీద, ఇంకోటి ఒక్క ఏడాదిలో వచ్చిన సైటేషన్ల మీద. సన్మానం వార్తల్లో ఏ జాబితాయో రాయరు. అడిగి తెలుసుకుంటే బాగుంటుంది, రెండింటికీ చాలా తేడా ఉంది.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి క్లుప్తంగా. గత రెండేళ్లలో ఒక జర్నల్ వేసిన పేపర్లకి ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లొచ్చాయో అదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. వరల్డ్ సైకియాట్రీ అనే జర్నల్‌ది ఈమధ్య 60 పైనే ఉంటోంది. ఎక్కువగా సమీక్షలు, చర్చలు వేస్తుంది కాబట్టి అందరూ వాటినే సైట్ చేస్తారు. మన ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీది ఒంటి అంకె. అది జర్నల్ సగటు, పేపరు విలువ కాదు. ఏ జర్నల్లోనైనా కొద్ది పేపర్లే సగటుని మోస్తాయి, మిగతావి వాటి నీడలో ఉంటాయి.

పేపర్లు లేని పెద్దమనిషి

అంకెల్లో కనిపించని ప్రభావానికి భారత సైకియాట్రీలో అందరూ చెప్పుకునే పేరు డాక్టర్ విద్యాసాగర్. 1950ల్లో అమృత్‌సర్ మెంటల్ హాస్పిటల్‌కి సూపరింటెండెంటు. రోగుల్ని లోపల పడేసి కుటుంబాలు వెళ్లిపోయే రోజులవి. ఆయన ఆస్పత్రి ఆవరణలో డేరాలు వేయించి, కుటుంబాల్ని రోగులతోపాటే అక్కడ ఉండమన్నాడు. రోగులు త్వరగా తేరుకున్నారు. ఇంటికెళ్లాక కూడా వాళ్లని ఇంటివాళ్లు వదిలేయలేదు. తర్వాత వెల్లూరులో, బెంగళూరులో కుటుంబంతో కలిపి వైద్యం చేసే పద్ధతి పాతుకుంది. ఈరోజు మన జిల్లా ఆస్పత్రిలో సైకియాట్రీ రోగి పక్కన వాళ్లమ్మ క్యారేజీతో కూర్చుని ఉందంటే దాని వెనక ఆ డేరాల పాత్ర ఉంది. విద్యాసాగర్ రాసినవి చాలా తక్కువ. ఆయనకి గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ పెడితే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో కూడా నెగ్గదు.

డెల్టా వాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు. మారుటేరు నుంచి వచ్చిన స్వర్ణ అనే వరి రకం, ఎం.టి.యు. 7029, 1982 నుంచి ఎన్ని లక్షల ఎకరాల్లో పండిందో రైతుని అడిగితే చెబుతాడు. దాని పేపరుకి ఎన్ని సైటేషన్లని ఏ రైతూ అడగలేదు.

మరి అందరూ అంకెల వెంట ఎందుకు పడతారంటే, ప్రమోషన్ దానికి ముడిపడింది కాబట్టి. మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2015లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం పేపరులో మొదటి రెండు పేర్లకే లెక్క. దాంతో డిపార్టుమెంట్లలో మూడో పేరుకి పని చేసే ఓపిక పోయింది, మొదటి రెండు పేర్ల కోసం మొహమాటాలు మొదలయ్యాయి. తర్వాత నిబంధనలు మారాయి, మెత్తబడ్డాయి కూడా. కానీ వారంలో అచ్చు, డబ్బు కట్టండి అని మెయిళ్లు పంపే దొంగ జర్నళ్లకి గిరాకీ వచ్చింది ఈ ఒత్తిడి వల్లే. రోజుకి ఎనభై ఓపీ చూసి, మెడికో-లీగల్ సర్టిఫికెట్లు రాసి, క్లాసులు చెప్పిన డాక్టరుని ‘పేపర్లేవి?’ అని అడిగితే, ఆయన మెయిల్లో వచ్చిన ఆ లింకు నొక్కడంలో ఆశ్చర్యమేముంది. తప్పు ఆయనది కాదని అనను. అంతా ఆయనదే అని కూడా అనలేను.

ఇంతకీ ఏం చూడాలి

వైద్యం కోసం వెతుకుతున్న కుటుంబాలకి ఒక్క మాట: హెచ్-ఇండెక్స్ చూడకండి. డాక్టరు వైద్యం ఎలా చేస్తారో అది చెప్పదు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రీలో ఎం.డి. లేదా డి.పి.ఎం. లేదా డి.ఎన్.బి. ఉందా, మీరు నెలనెలా వెళ్లగలిగే దూరంలో ఉన్నారా, చెప్పేది వింటారా, మందు ఎందుకో చెబుతారా, ఇవి చాలు. ఎవర్ని చూపించాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయొచ్చు. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

గైడ్‌ని ఎంచుకునే పీజీ పిల్లలకి మాత్రం ప్రొఫైల్ పనికొస్తుంది, సరిగ్గా చదివితే. మొత్తం అంకె వదిలేసి గత ఐదేళ్లలో వచ్చిన పేపర్లు చూడండి. ఎక్కువ సైటేషన్లున్న మొదటి రెండూ పెద్ద బృందాలవైతే వాటిని దాటి మూడో నాలుగో దాని దగ్గర ఆగండి. సొంత పని అక్కడ మొదలవుతుంది. ఆ పేపరు కింద ‘సైటెడ్ బై’ అన్నచోట నొక్కి, సైట్ చేసిన రెండు పేపర్లు తెరిచి, ఏ వాక్యంలో సైట్ చేశారో చదవండి. ‘ఇలాంటి అధ్యయనాలు చాలా ఉన్నాయి’ అని ఆరు పేర్లతో కలిపి రాశారా, ఈయన పద్ధతి తీసుకుని పని చేశారా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత రచయితల వరుస. ఆయన చివరి పేరుగా ఉండి, మొదటి పేరు ఎప్పటికప్పుడు మారుతూ ఉంటే, ఆ మొదటి పేర్లు చాలావరకు ఆయన పాత విద్యార్థులవి. ప్రతి పేపరులోనూ మొదటి పేరు ఆయనదే అయితే విద్యార్థుల థీసిస్‌లు ఏమయ్యాయో అడగాల్సిందే. ఆ పాత విద్యార్థుల్లో ఒకరిద్దరు ఇప్పుడు ఏలూరులోనో విశాఖలోనో పనిచేస్తూ ఉంటారు. ఫోన్ చేసి, సింప్టమ్ చెక్‌లిస్టు తెలుగులోకి మార్చేటప్పుడు సార్ మీతో కూర్చున్నారా, డ్రాఫ్టు ఇచ్చాక ఎన్ని వారాలకి దిద్ది ఇచ్చారు, రిజెక్టయినప్పుడు ఏం చెప్పారు అని అడగండి. ఫోన్లో అయితే మొహమాటం లేకుండా చెబుతారు.